నర్సు విద్యకు రెండు భాషలేల?

మన పాఠశాలలో చదువు ముగించిన బాలికలలో పలువురు నర్సు శిక్షణకు పోగోరుచున్నారు. “ఆ విద్య యంతయు ఇంగ్లీషున నుండగా, ఇచట తెలుగు చదివి ప్రయోజనమేమి?” అని తల్లిదండ్రులు కొందఱు మమ్ము ప్రశ్నించిరి. దీనికి ఉత్తరము వెదకుటకై మేము కొందఱు విద్యార్థులము మైపాడు, కృష్ణపట్నము మొదలగు తీరగ్రామములలో రోగములను గూర్చి జనులు వాడెడి మాటలను సేకరించి, నర్సింగు పుస్తకములలోని మాటలతో పోల్చి చూచితిమి.

ఈ విద్య మన జిల్లాకు క్రొత్త కాదు. 1840లో నెల్లూరు చేరిన అమెరికను బాప్టిస్టు మిషనువారు తరువాతి కాలమున స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి నెలకొల్పి, అందు నర్సు శిక్షణయు నిచ్చిరి. 1947లో ఇండియన్ నర్సింగు కౌన్సిలు చట్టము వచ్చిన పిమ్మట దేశమంతటను ఈ విద్యకు ఒకే ప్రమాణ మేర్పడినది. నేడు జనరల్ నర్సింగునకు 3, బి.యస్సీ. నర్సింగునకు 4 సంవత్సరములు పట్టును. పాఠ్యగ్రంథములు, మందుల పేర్లు, రోగి చీటి సాధారణముగా ఇంగ్లీషుననే యుండును.

కాని రోగి ఇంగ్లీషున మూలుగడు. మా సేకరణలో తఱచుగా కన్పట్టిన మాట “వేడి చేసినది” యనునది. దానిని ఉన్నదున్నట్లు ఇంగ్లీషునకు మార్చినచో జ్వరమని తోచును. మన యిండ్లలో నోటిపూతకును, మూత్రపు మంటకును గూడ ఈ మాటయే వాడుదురు. “గుండెలో మంట” యన్నది పలుమార్లు కడుపులోని పులుపు పైకెగదన్నుటయే. ఒక్కొకప్పుడు నిజముగా గుండెజబ్బే. కావున ఎచ్చట, ఎప్పటినుండి, అన్నము తిన్న పిమ్మటనా యని నర్సు తెలుగున నడిగి తెలిసికొని, పిదప చీటిలో ఇంగ్లీషున వ్రాయవలెను.

వైద్యుని మాటను ఇంటికి చేర్చుటయందును ఇట్టి చిక్కే కలదు. టీస్పూనన్న 5 మిల్లీలీటర్లు, టేబులుస్పూనన్న 15. ఇంటిలో రెండును చెంచాలే. “చెంచాడు మందు పోయుము” అని మాత్రమే చెప్పినచో బిడ్డకు మూడింతలు పడవచ్చును. లీటరు నీటికని చేసిన ఓ.ఆర్.ఎస్. పొట్లమును గ్లాసెడు నీటిలో కలిపినచో ఉప్పు మితిమీరి కీడగును. అందుచే చెప్పినదానిని తల్లిచేత మరల చెప్పించుకొనుట మంచి పద్ధతి. అది ఆమె భాషలోనే సాగవలెను.

కాబట్టి సోదరీమణులారా, ఇంగ్లీషు శ్రద్ధగా నేర్వుడు. అమ్మమ్మ తన నొప్పిని గూర్చి చెప్పు మాటలను గూడ ఒక పుస్తకమున వ్రాసికొనుడు. మేము కూర్చిన పట్టికను పాఠశాల గ్రంథాలయమున నుంచితిమి. అందు కొఱవడిన మాటలను తెలుపవలసినదిగా తల్లిదండ్రులను వేడుకొనుచున్నాము.