పెరట్లో పనే కదా.. అనుకోవద్దు!

వరంగల్–ఖమ్మం రోడ్డు మీదున్న తొర్రూరులో మే నెల మధ్యాహ్నం బజారు పలుచబడుతుంది. పన్నెండు దాటితే బయటికి రావొద్దన్న మాట అందరూ విన్నదే, చాలామంది పాటిస్తున్నదే. కానీ ప్రహరీ గోడ లోపల పని ఆగదు. డాబా మీద వడియాలు తిరగేయాలి. మిరపకాయలు ఎండబెట్టాలి. తొక్కు కోసం మామిడికాయలు కోయాలి. వాడిన బీరతీగకు నీళ్లు పట్టాలి. ‘ఇంట్లోనే ఉన్నాం కదా’ అనుకుంటూనే గంటల తరబడి ఎండలో గడిపేస్తాం.

ఎండకు ఇంటి గడప తెలియదు. పెరడూ, డాబా కూడా బయటి కిందే లెక్క. 2015 మే ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 2 వేల మందికి పైగా చనిపోయారు. వడదెబ్బ పొలంలో పనిచేసేవారికే తగులుతుందనుకోవద్దు. రేకుల ఇంట్లో మంచం మీద పడుకున్న ముసలివాళ్లకూ తగులుతుంది.

చిన్న పనుల్లో పెద్ద చిక్కు

పొలానికి వెళ్లే మనిషి తలకు తువ్వాలు చుట్టుకుంటాడు, నీళ్ల సీసా పట్టుకుంటాడు. పెరట్లోకి వెళ్లే మనిషి ఏదీ తీసుకోడు. ‘ఐదు నిమిషాల పని’ అని వెళ్లి, ఒకదాని వెంట ఒకటి చేసుకుంటూ పోతాడు. ఆడవాళ్ల సంగతి మరీ కష్టం. పొయ్యి దగ్గర వేడి, ఆ వెంటనే డాబా మీది వేడి. మధ్యలో నీళ్లు తాగడం కూడా గుర్తుండదు.

మన ఒంటిని చల్లబరిచేది చెమట ఆరడమే. నీళ్లు తగ్గితే చెమట తగ్గుతుంది, లోపలి వేడి పెరుగుతుంది. వయసు మీద పడ్డవారికి దాహం అంతగా తెలియదు. బీపీకి వాడే కొన్ని మందులు, మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్రలు ఒంట్లో నీటిని ఇంకా తగ్గిస్తాయి. అలాగని వాటిని సొంతంగా ఆపేయొద్దు. ఎండాకాలం మొదట్లోనే డాక్టరుతో మాట్లాడాలి.

మొక్క వాడింది.. పరుగెత్తాలా?

మధ్యాహ్నం రెండింటికి సొరతీగ ఆకులు వేలాడుతుంటే మనసు ఊరుకోదు. కానీ మండే ఎండలో ఆకులు వాలడం సహజం. నేలలో తడి ఉంటే సాయంత్రానికి అవే లేస్తాయి. తెల్లవారేసరికి కూడా వాడిపోయే ఉంటే అప్పుడు నీళ్లు చాలలేదని అర్థం.

మొక్కలకు నీళ్లు తెల్లవారుజామునో, పొద్దు గుంకాకో పోయాలి. మధ్యాహ్నం పోసిన నీళ్లలో చాలా భాగం ఆవిరైపోతుంది. మొదళ్ల చుట్టూ వరిగడ్డి పరిస్తే తడి నిలుస్తుంది. ఎండలో పడున్న పైపులో మొదట వచ్చే నీళ్లు కాలేంత వేడిగా ఉండొచ్చు. వాటిని బకెట్‌లోకి వదిలేశాకే వాడండి. పిల్లల చేతికి ఆ పైపు ఇవ్వొద్దు.

ఇంకో జాగ్రత్త. చల్లదనం కోసం పాములు, తేళ్లు కుండీల కిందికి, కట్టెల కుప్పల్లోకి చేరతాయి. కుండీని కట్టెతో కదిలించి చూశాకే చేయి పెట్టాలి. పక్షుల కోసం పెట్టిన నీళ్లు, కూలర్‌లో నీళ్లు వారానికి ఒక్కసారైనా పూర్తిగా పారబోయాలి. లేదంటే దోమలు పెరుగుతాయి.

ఇల్లు చల్లబడేదెలా?

సిమెంటు స్లాబు పగలంతా వేడిని పీల్చుకుని రాత్రి ఇంట్లోకి వదులుతుంది. అందుకే బయట చల్లబడ్డాక కూడా లోపల ఉక్కపోస్తుంది. కప్పు మీద తెల్ల సున్నం వేస్తే ఎండ చాలావరకు వెనక్కి మళ్లుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఈ ఉద్దేశంతోనే. పగలు ఎండ పడే కిటికీలు మూసి, రాత్రి అన్నీ తెరవండి. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఒట్టి ఫ్యాన్ వేడిగాలినే ఒంటి మీదికి తోస్తుంది. తడి బట్టతో ఒళ్లు తుడుచుకుంటూ ఉండాలి.

ఏం తాగాలి?

దాహం అయ్యేదాకా ఆగొద్దు. రంజన్ నీళ్లు, పలుచటి సల్ల, అంబలి మంచివి. చెమట బాగా పట్టినప్పుడు ఓఆర్‌ఎస్ తాగాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఎంత తాగాలో డాక్టరును అడగాలి. షుగర్ ఉన్నవారు చక్కెర పానీయాల జోలికి పోకుండా నీళ్లు, సల్లే ఎంచుకోవడం మేలు.

ఈ గుర్తులుంటే ఆలస్యం వద్దు

తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం, పిక్కలు పట్టేయడం.. ఇవి ముందస్తు హెచ్చరికలు. పని అక్కడే వదిలేసి నీడకు రావాలి.

మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, మూర్ఛ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే కావచ్చు. ఒంటి వేడి 104 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరుతుంది. చెమట పడుతోంది కదా అని ధీమా వద్దు. శ్రమ చేస్తుండగా తగిలిన వడదెబ్బలో చెమట ఉండొచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. వాహనం వచ్చేలోగా బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో ఐస్ ముక్కలు బట్టలో చుట్టి పెట్టండి. స్పృహలో లేనివారి నోట్లో నీళ్లు పోయొద్దు. జ్వరం మాత్ర ఈ వేడిని తగ్గించదు.

పిల్లలు హైదరాబాద్‌లో, అమ్మానాన్నలు ఊళ్లో ఉన్న ఇళ్లు ఎన్నో. రోజూ ఫోన్‌లో ‘తిన్నవా అమ్మా’ అని అడుగుతాం. ఈ నెలరోజులు ఇంకో రెండు ప్రశ్నలు చేర్చుదాం. ‘పొద్దటి నుంచి ఎన్నిసార్లు నీళ్లు తాగినవ్? మూత్రం పచ్చగా వస్తుందా?’ జవాబు తేడాగా ఉన్నా, మాట తడబడుతున్నా పక్కింటి వారికి వెంటనే ఫోన్ చేయండి. ఆ నంబరు ఈ రోజే రాసి పెట్టుకోండి.