ఒంటరి గోడ

ఇంటిగోడకు పైకప్పును, అడ్డుగోడలును అండగా నుండును. ప్రహరిగోడకు అట్టి ఆసరా లేదు. పెనుగాలి త్రోసినపుడు అది తన బరువుతోనే నిలువవలెను. ఇటుకలను కూర్చు సిమెంటు నొక్కుటకు ఓర్చునుగాని లాగుటకు ఓర్వజాలదు. గోడయెత్తు రెట్టింపైనచో గాలిత్రోపు రెట్టింపగును. ఆ త్రోపు పనిచేయు ఎత్తును రెట్టింపగును. కావున గోడను పడద్రోయు బలము 4 రెట్లగును. పాతగోడపై మరికొన్ని వరుసలు పేర్చువారు ఈ లెక్కను మరచుచుందురు. ఆ గోడ ప్రక్కనే పిల్లలు ఆడుకొందురుగదా! వానకు పునాది నానినచో అపాయము మరింత హెచ్చును.

గోడను దళసరిగా కట్టినచో ఖర్చు పెరుగును. అందుచే నడుమ నడుమ స్తంభములు కట్టుదురు. మరియొక ఉపాయమును కలదు. ఒక కాగితమును అంచుపై నిలుపుడు, పడిపోవును. దానినే మెలికలుగా వంచి నిలిపినచో నిలుచును. అమెరికాలో 1819లో వర్జీనియా విశ్వవిద్యాలయమును స్థాపించిన థామస్ జెఫర్సన్, అచ్చటి తోటలచుట్టు ఒంటి ఇటుక మందమున పాము మెలికలవంటి గోడలు కట్టించెను. మెలికలవలన పొడవు కొంత పెరిగినను, మందము తగ్గుటచే ఇటుకలు కలిసివచ్చును. అయితే ఇట్టి గోడ నేలను ఎక్కువగా ఆక్రమించును. మన యిరుకు వీధులలో స్తంభముల గోడయే తగును.