అందం సరే, కూర్చునేదెక్కడ?

హోబోకెన్ దాకా రైలు, అక్కడి నుంచి పాత్ రైలు, అది దిగాక పదిహేను నిమిషాల నడక. ఏళ్ళ తరబడి నా ఉద్యోగయాత్ర ఇదే. ల్యాప్‌టాప్ తెరిస్తే పని గుర్తొస్తుంది, మూస్తే నిద్రొస్తుంది. అందుకని దారిలో కనిపించేవన్నీ చూస్తూ పోవడం అలవాటైంది. చూడగా చూడగా నాకొకటి అర్థమైంది. ఊరిని అందంగా చెయ్యాలని పెద్దలు పూనుకున్నప్పుడు, ఆ అందం ఎవరికోసమో అడగడం తరచుగా మరిచిపోతారు.

లోయర్ మన్‌హాటన్‌లో 26 ఫెడరల్ ప్లాజా అంటే మనవాళ్ళకు పరిచయం అక్కర్లేదు. చంకలో ఫైలు, గుండెలో దడ పెట్టుకుని ఇమ్మిగ్రేషన్ పనుల కోసం వెళ్ళే భవనం. 1981లో దాని ముందున్న ఆవరణలో ప్రభుత్వం ఒక శిల్పం పెట్టించింది. పేరు 'టిల్టెడ్ ఆర్క్', శిల్పి రిచర్డ్ సెర్రా. 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు ఉన్న తుప్పురంగు ఉక్కు గోడ. ఖర్చు 1,75,000 డాలర్లు. ఆవరణను అడ్డంగా చీల్చడంతో జనం చుట్టూ తిరిగి వెళ్ళాల్సివచ్చింది. నడిచేవాడు తన నడకను తానే గమనించాలన్నది శిల్పి ఉద్దేశం. ఆఫీసుకు ఆలస్యమైనవాడు గమనించేది గడియారాన్ని కదా!

గొడవ ముదిరి 1985లో బహిరంగ విచారణ పెట్టారు. 180 మంది మాట్లాడితే 122 మంది ఉంచమన్నారు, 58 మంది తీసెయ్యమన్నారు. కమిటీ మాత్రం నాలుగు ఓట్లకు ఒకటి తేడాతో తీసెయ్యమంది. మన సంఘం ఎన్నికల్లో కూడా ఇంత విచిత్రం చూడలేదు. 1989 మార్చి 15 రాత్రి దాన్ని మూడు ముక్కలు చేసి అక్కడి నుంచి తరలించారు. 1990ల్లో అక్కడ మెలికలు తిరిగిన ఆకుపచ్చ బెంచీలు వేశారు. కొన్నేళ్ళకు అవీ పోయాయి. ఇప్పుడున్నది ఆ తర్వాతి రూపం.

ఇంతకన్నా చిత్రమైన కథ బ్రాంక్స్‌ది. జార్జి వాషింగ్టన్ బ్రిడ్జి దాటి ఫ్లషింగ్ గణేశుడి గుడికి వెళ్ళేటప్పుడు క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఇరుక్కుపోతాం చూడండి, అక్కడే. 1983లో, ఎడ్ కోచ్ మేయరుగా ఉన్నప్పుడు, ఆ రోడ్డు పక్క పాడుబడిన భవనాల కిటికీలకు నగరపాలక సంస్థ బొమ్మలు అంటించింది. పూలకుండీలు, కర్టెన్లు, కిటికీ రెక్కలు, అన్నీ స్టిక్కర్లే! కారులో పోయేవాడికి లోపల ఎవరో కాపురం ఉన్నట్టు కనిపించాలని. ఆ పక్కనే కాపురముంటున్నవాళ్ళకు మాత్రం అవి పాడుబడ్డ కొంపలే.

నవ్వుకోబోయి ఆగాను. 2017 నవంబర్‌లో అంతర్జాతీయ సదస్సుకు ఇవాంకా ట్రంప్ వస్తోందని మన హైదరాబాదులో గోడలకు రంగులు వేశారు, రోడ్లు బాగుచేశారు, బిచ్చగాళ్ళను వీధుల్లోంచి తరలించారు. స్టిక్కరు మారింది, అంతే.

కిందటి వేసవిలో అమ్మ వచ్చినప్పుడు ఫెడరల్ ప్లాజా ముందు నిలబెట్టి ఆ ఉక్కు గోడ కథంతా చెప్పాను. ఓపిగ్గా విని, "ఇంతకీ దాని నీడన కూర్చోవచ్చట్రా?" అంది. నాకు జవాబు తోచలేదు. మా ఊళ్ళో రావిచెట్టు చుట్టూ ఉన్న రచ్చబండకు ఏ శిల్పీ పనిచెయ్యలేదు. అయినా సాయంత్రమైతే చోటు దొరకదు.

ఈమధ్య మా టౌన్‌షిప్ వాళ్ళు స్టేషన్ ముందున్న జాగాను సుందరీకరిస్తామని, అభిప్రాయాలు చెప్పడానికి రమ్మని నోటీసు పంపారు. ఇన్నేళ్ళుగా అలాంటి కాగితాలు రీసైక్లింగ్ డబ్బాలో వేస్తూ వచ్చాను. ప్లాన్లు నచ్చలేదని రైల్లో సణగడం మాత్రం మానలేదు. ఆనాడు ఆ 180 మంది పనిమానుకుని వచ్చి మాట్లాడారు. మనలో ఎంతమందిమి ఎప్పుడైనా మైకు ముందు నిలబడ్డాం?

ఈసారి మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్తున్నాను. మేం అడగబోయేది ఒక్కటే: రైలు ఆలస్యమైన రోజున పెద్దవాళ్ళు కూర్చోవడానికి అక్కడ నీడ ఉంటుందా?