పాస్డ్ అవుట్ అంటే స్పృహ తప్పడమా?

ఈ ఏడు వార్షికోత్సవ ఆహ్వాన పత్రం రాయడానికి మేము నలుగురం కూర్చున్నాం. రెండో లైను దగ్గరే గొడవ మొదలైంది. 'పూర్వ విద్యార్థులు' అన్న మాటకు ఇంగ్లీషు వైపు ఒక తమ్ముడు 'పాస్డ్ అవుట్ స్టూడెంట్స్' అని రాశాడు. డిగ్రీ చదివే అన్న ఒకాయన అది చూసి, "పాస్ అవుట్ అంటే కళ్లు తిరిగి పడిపోవడంరా. మూర్ఛపోయినోళ్లారా, రండి అని పిలుస్తున్నావు" అన్నాడు. అందరం నవ్వాం. రాసిన తమ్ముడు మాత్రం నవ్వలేదు. ఇక మీదట ఇంగ్లీషులో ఒక్క ముక్క రాయనని లేచిపోయాడు. నవ్వినందుకు తర్వాత మాకే సిగ్గేసింది. అందుకే ఈ వ్యాసం.

అన్న చెప్పిన అర్థం నిజమే. ఇంగ్లండులో, అమెరికాలో ఆ మాట వినగానే స్పృహ తప్పడమే గుర్తొస్తుంది. కానీ బ్రిటిష్ సైనిక కళాశాలల్లో శిక్షణ పూర్తి చేయడాన్ని కూడా పాస్ అవుట్ అనే అంటారు. మన పోలీసు శిక్షణ కేంద్రాల్లో జరిగే పాసింగ్ అవుట్ పరేడ్ అదే కదా! పరేడ్ మైదానంలో ఒప్పయిన మాట కాలేజీలోకి రాగానే మనవాళ్ల తెలివితక్కువతనం ఎలా అయింది?

అసలు తప్పొప్పులు తేల్చేది ఎవరు? ఫ్రెంచి భాషకు 1635లో ఒక అకాడమీ పెట్టారు. ఇంగ్లీషుకు అలాంటిదేదీ లేదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తెచ్చిన నిఘంటువుకు ఆధారం అప్పటి వరకు రచయితలు రాసిన రాతలే. ఇప్పటి నిఘంటువులదీ అదే దారి. జనం చాలాకాలం వాడితే ఆ మాట నిఘంటువు ఎక్కుతుంది. పందికొక్కు అలాగే బాండికూట్ అయి ఎక్కింది. 2017లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు భారతీయ భాషల మాటలు 70 దాకా చేర్చుకుంది. వాటిలో మన 'అన్న' కూడా ఉంది. ఇక మన దేశపు సృష్టి అని అందరూ చెప్పుకునే 'ప్రిపోన్' సంగతి వినండి. 1913లోనే న్యూయార్క్ టైమ్స్‌కు ఒక పాఠకుడు రాసిన ఉత్తరంలో ఆ మాట, ఇదే అర్థంలో, ఉంది. పరీక్ష వెనక్కి జరిపితే పోస్ట్‌పోన్ అంటాం. మరి ముందుకు జరిపితే ఏమనాలి?

మాకు బాగా నచ్చిన ఉదాహరణ 'కజిన్ బ్రదర్'. కజిన్ అంటే చాలు, బ్రదర్ ఎందుకని సార్లు ఎర్ర గీత కొడతారు. ఇంగ్లీషువాళ్లకు పెదనాన్న కొడుకూ మేనమామ కొడుకూ ఒకటే, ఇద్దరూ కజిన్లే. మనకు మొదటివాడు అన్న, రెండోవాడు బావ. అన్న వరసకు పెళ్లి మాటే ఉండదు, బావతో మన ఇళ్లల్లో పెళ్లిళ్లు జరుగుతాయి. ఇంత తేడాను ఒక్క కజిన్‌లో ఎలా ఇరికిస్తాం? ఆ బ్రదర్ ఊరికే తగిలించింది కాదు. అలాగే మనం పరీక్ష 'రాస్తాం' గనుక ఇంగ్లీషులోనూ 'రైట్' అంటాం. హిందీవాళ్లు పరీక్ష 'ఇస్తారు' గనుక 'గివ్' అంటారు. ఇంగ్లండులో పరీక్షకు 'కూర్చుంటారు'.

అలాగని ఏది రాసినా చెల్లుతుందని మేము అనడం లేదు. 'ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్' అని రాస్తే మార్కు పోతుంది. అన్నం తింటున్నప్పుడు 'హ్యావింగ్' సరే గానీ, అన్నలు ఉండటానికి 'హ్యావ్' చాలు. 'డిస్కస్ అబౌట్' కూడా అంతే. గురించి అన్న అర్థం డిస్కస్‌లోనే ఉంది. అన్నిటికన్నా మాకు కోపం తెప్పించేది 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్'. తెలుగులో 'నా స్నేహితుల్లో ఒకడు' అని చక్కగా బహువచనం వాడే మనమే ఇంగ్లీషుకు వచ్చేసరికి ఆ ఎస్ ఎందుకు మింగేస్తామో!

తెలుగులోనూ ఈ తగవు నడిచింది. మనం మాట్లాడుకునే తెలుగును బడిలో రాస్తే తప్పనేవారు, గ్రాంథికమే ఒప్పనేవారు. గిడుగు రామమూర్తి (1863-1940) దశాబ్దాల తరబడి దాని మీద పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. నోటి మాటను తప్పన్నప్పుడు నోరు మూతపడేది ఎవరికి? ఇంట్లో ఆ పుస్తకాల భాష వినని పిల్లలకే. ఇంగ్లీషు విషయంలో ఇప్పుడు మన హాస్టల్ పిల్లలది అదే పరిస్థితి. కాన్వెంటు పిల్లవాడు తప్పు మాట్లాడితే నోరు జారాడంటారు. మనం మాట్లాడితే రాదంటారు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. మూసీ వచ్చి కృష్ణలో కలిసే మన వాడపల్లి పేరును ఇంగ్లీషులో కొందరు 'వి'తో, కొందరు 'డబ్ల్యూ'తో రాస్తారు. చివర 'ఐ' ఒకచోట, 'వై' ఒకచోట. మన 'వ'కు ఆ రెండక్షరాల్లో ఏదీ సరిగ్గా అతకదు, కాబట్టి ఏది రాసినా తప్పనలేం. కానీ ఆధార్‌లో ఒకటి, కుల ధ్రువీకరణ పత్రంలో ఒకటి ఉంటే స్కాలర్‌షిప్ దగ్గర తిప్పలు తప్పవు. పదో తరగతి మెమోలో ఉన్న తీరులోనే మీ పేరు, ఊరి పేరు అన్ని చోట్లా రాయించుకోండి. తమ్ముళ్లూ, ఇది ఈ రోజే చూసుకోండి.

ఇక ఆహ్వాన పత్రం సంగతి. 'ఓల్డ్ స్టూడెంట్స్' అందామంటే మిర్యాలగూడలో ఉండే సీనియర్ ఒకాయన ఫోన్లో "మేమింకా ముసలోళ్లం కాలేదురా" అన్నాడు. చివరికి 'అలుమ్నై' ఖాయమైంది. అది బహువచనమనీ, ఒక్కరైతే అలుమ్నస్ అనాలనీ నిఘంటువు చూసి చెప్పింది ఆ అలిగిన తమ్ముడే. మీకందిన పత్రం మీద ఇంగ్లీషు వైపు రాత కూడా వాడిదే.