దోహాలో కళాసంత – బొమ్మలాడించే గురువు

కతార్ అనగానే మన వాళ్లకు గుర్తుకు వచ్చేది చమురు, గ్యాసు, అక్కడికి కూలి పనికి వెళ్లిన తెలుగువారు. ఆ చిన్న దేశపు రాజధాని దోహాలో 2026 ఫిబ్రవరిలో ఆర్ట్ బాసెల్ కతార్ అనే అంతర్జాతీయ కళా ప్రదర్శన జరిగింది. 1970లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో మొదలైన కళాసంతకు ఇది కొత్త శాఖ. 87 గ్యాలరీలు పాల్గొన్నాయి. ఒక్కొక్క గ్యాలరీ ఒక్క కళాకారుని పనినే చూపాలని ఇక్కడి పద్ధతి.

ఈ ప్రదర్శనకు కళా దర్శకుడు వాయెల్ షౌకీ. 1971లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో జన్మించారు. ఆయన కళాకారుడే గాక బోధకుడు కూడా. 2010లో తన ఊరిలో యువకుల కోసం మాస్ అలెగ్జాండ్రియా అనే చిన్న కళాపాఠశాల స్థాపించారు. తరువాత దోహాలోని ఫైర్ స్టేషన్ కళాకేంద్రానికి దర్శకులయ్యారు. పేరుకు తగ్గట్టే అది ఒకప్పుడు అగ్నిమాపక కేంద్రం. నేడు కళాకారులు పని చేసుకునే చోటు.

షౌకీ గారికి పేరు తెచ్చినది తోలుబొమ్మలాట తెలిసిన మనకు సులభంగా అర్థమయ్యే పని. యెరూషలేము కోసం యూరపు సేనలు చేసిన క్రూసేడు యుద్ధాల కథను, అరబ్బులు చూసిన విధంగా, దారాలతో ఆడించే బొమ్మలతో మూడు చలనచిత్రాలుగా తీశారు. మొదటిదానిలో పాత ఇటలీ కొయ్యబొమ్మలు, రెండవదానిలో కాల్చిన మట్టిబొమ్మలు, మూడవదానిలో వెనీసు దగ్గరి మురానో గాజుబొమ్మలు. రాజులు మాట్లాడుతుంటే పైన దారాలు కనబడుతూనే ఉంటాయి. ఆడించే చేయి వేరే ఉన్నదని పిల్లవాడికి కూడా తెలుస్తుంది. 2024లో వెనీసు బినాలేలో ఈజిప్టు తరఫున, 1882లో ఆంగ్లేయులు ఆ దేశాన్ని ఆక్రమించిన కథను పాటల నాటకంగా చూపినవారు కూడా ఈయనే.

సంత కొద్ది రోజులలో ముగుస్తుంది. బడి నిలుస్తుంది. కతార్‌లో ముందు వచ్చినది బడే. అమెరికాకు చెందిన వర్జీనియా కామన్‌వెల్త్ విశ్వవిద్యాలయపు కళాశాఖ దోహాలో 1998లోనే ప్రారంభమైంది. మతాఫ్ అనే ఆధునిక అరబ్బు కళల మ్యూజియం 2010లో, ఈ సంత 2026లో వచ్చాయి. తాను స్వయంగా పని చేసే గురువు దగ్గర నేర్చిన పిల్లలకు, కళ అంటే పరీక్ష కాదు, బ్రతుకు అని తెలుస్తుంది.

మాకు ఇందులో ఒక పాఠం కనబడింది. మా తాతముత్తాతలు రబ్బరు తోటలకు వచ్చినప్పుడు వారి చరిత్ర దొరల ఖాతా పుస్తకాలలోనే వ్రాయబడింది: పేరు, కూలి, బాకీ. వారు రాత్రి ఏమి పాడుకున్నారో, ఎవరి కోసం ఏడ్చారో అందులో లేదు. సంఘం తరగతులలో ఆలస్యంగా అక్షరాలు దిద్దుకున్న మేమే నేడు పిల్లలకు తెలుగు చెబుతున్నాము. అక్షరాలతో ఆగితే చాలదు. అట్టముక్కలతో బొమ్మలు కోసి, తెల్లగుడ్డ కట్టి, దీపం పెట్టి, ఓడ ఎక్కిన తాత కథను పిల్లలచేతనే ఆడిద్దాము. ఆ కథ తెలిసిన అవ్వలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. వారు ఉండగానే అడుగుదాము.