గీత పక్కన రెండో మనిషి

2023 జూలై 4 రాత్రి, బెంగుళూరులో దక్షిణాసియా ఛాంపియన్‌షిప్ తుది పోటీ. భారత్, కువైట్ చెరొక గోలుతో సమంగా ఉన్నాయి. మైదానపు గీత పక్కన నిలిచి మన జట్టును నడిపిస్తున్నది ప్రధాన శిక్షకుడు కాదు. 55 ఏళ్ల ఇగోర్ స్టిమాచ్‌కు ఎర్రకార్డుల మూలంగా నిషేధం పడింది. ఆయన స్థానంలో నిలిచినవాడు 43 ఏళ్ల సహాయకుడు మహేశ్ గావ్లీ.

సహాయ శిక్షకుడు పడుచువాడై ఉండాలా, తలపండినవాడై ఉండాలా? ఢిల్లీ కళాశాలల మైదానాల గట్ల మీద ఇది ఒక పట్టాన తెగని వాదం. పడుచువాడు కుర్రవాళ్లతో కలిసి పరుగెత్తగలడు. వాళ్లు తమ మోకాలి నొప్పి పెద్దాయనకు దాచి, అతనికి చెప్పుకుంటారు. పెద్దవాడు ఓటములు చూసినవాడు. ప్రధాన శిక్షకుడు పొరబడితే ‘కాదు’ అనగల చనువు అతనికి ఉంటుంది. ఈ చనువునే మనవాళ్లు తక్కువగా లెక్కిస్తారని నా అభిప్రాయం.

వయస్సు సంగతికి వస్తే హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీంను తలచుకోకుండా ఉండలేము. వృత్తికి బడిపంతులు. 1951 మార్చిలో ఢిల్లీ నేషనల్ స్టేడియంలో మేవాలాల్ గోలుతో ఇరాన్‌ను 1-0తో ఓడించి, భారత్ తొలి ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచినప్పుడు ఆ శిక్షకునికి 41 ఏళ్లు. మరుసటి ఏడే హెల్సింకిలో యుగొస్లావియా చేతిలో 10-1తో పరాభవం. మరొకరైతే అక్కడే చాలించుకునేవారు. రహీం మాత్రం విద్యార్థి వలె మళ్లీ మొదలుపెట్టాడు: బంతిని అట్టే పెట్టుకోక వెంటనే అందించడం, బలహీనమైన కాలితో ఆడించడం. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాపై 2-1తో మరో బంగారం. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు, ఒంట్లో క్యాన్సరు. 1963 జూన్‌లో కన్నుమూశాడు.

జకార్తా తుది పోటీలో గోలు కొట్టిన శిష్యుడు పి.కె. బెనర్జీ. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో 46 ఏళ్ల వయస్సున తానే శిక్షకుడై నిలిచాడు. క్వార్టర్ ఫైనల్‌లో సౌదీ అరేబియా ఒక్క గోలుతో ఆశలు తుడిచిపెట్టింది. గురువు 41వ ఏట, అదే నగరంలో సాధించినది శిష్యునికి 46వ ఏట దక్కలేదు. అటువంటప్పుడు ఏళ్ల లెక్కతో ఏమి తేల్చగలము?

బెంగుళూరులో ఆ రాత్రి అదనపు సమయం కూడా గడిచి, పోటీ పెనాల్టీలకు వెళ్లింది. ఆరో వంతులో నవోరెం మహేశ్ గోలు వేశాడు. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఎడమకు దూకి కువైట్ తన్నిన బంతిని ఆపాడు. 5-4. గీత పక్కన నిలిచిన రెండో మనిషి వైపు కుర్రవాళ్లు పరుగెత్తారు.