అక్షరం పొల్లుపోకుండా

అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ దగ్గరున్న వైమానిక దళ అకాడమీలో కొత్తగా చేరిన కేడెట్లు చదువు, కవాతులతో పాటు ఇంకో పాఠమూ నేర్చుకోవాలి. దళానికి, అకాడమీకి సంబంధించిన విషయాలను బట్టీపట్టి, సీనియర్లు అడిగినప్పుడల్లా అప్పజెప్పాలి. అక్కడ దీన్ని ‘నాలెడ్జ్’ అంటారు. మొదటి సంవత్సరం కేడెట్లు ఈ విషయాల మీదే స్క్వాడ్రన్ల వారీగా తలపడే క్విజ్ పోటీ పేరు ‘నాలెడ్జ్ బౌల్’.

1954లో ఏర్పాటైన ఈ అకాడమీలో కేడెట్లందరినీ 40 స్క్వాడ్రన్లుగా విభజిస్తారు. వేసవిలో సుమారు ఆరు వారాల ప్రాథమిక శిక్షణ పొందే కొత్తవారికి ‘కాంట్రెయిల్స్’ అనే చిన్న పుస్తకం ఇస్తారు. పోటీకైనా, రోజువారీ ప్రశ్నలకైనా ఆధారం అదే. దళం చరిత్ర, హోదాల చిహ్నాలు, విమానాలు, ఆయుధాలు, దళగీతం, పేరున్న సేనానుల మాటలు అందులో ఉంటాయి.

ప్రశ్నలు స్థూలంగా రెండు రకాలు. విమానాన్ని గుర్తుపట్టడం, భుజాన ఉన్న చిహ్నాన్ని బట్టి హోదా చెప్పడం మొదటి రకం. వీటికి సమాచారం తెలిస్తే చాలు. ఏదైనా వాక్యభాగాన్ని ఉన్నదున్నట్టు వల్లించడం రెండో రకం. ఇక్కడ భావం చెబితే సరిపోదు, ఒక్క మాట అటూఇటూ కాకూడదు.

తెలియనప్పుడు ఏమనాలో కూడా నియమమే చెబుతుంది. సీనియర్‌కు బదులివ్వడానికి కొత్త కేడెట్‌కు ఏడే ఏడు వాక్యాలు అనుమతిస్తారు. అవునని, కాదని, సాకు ఏమీ లేదని, అర్థం కాలేదని, తెలియదని చెప్పవచ్చు. లేదంటే ప్రశ్న అడగడానికో, ఒక మాట చెప్పడానికో అనుమతి కోరవచ్చు. ఊహించి చెప్పడం, నీళ్లు నమలడం కుదరదు. తప్పుడు సమాచారం ప్రాణాల మీదికి తెచ్చే వృత్తిలో ‘తెలియదు’ అని సూటిగా ఒప్పుకోవడమూ శిక్షణలో భాగమే.

ఈ అలవాటు పాత అకాడమీల నుంచి వచ్చింది. 1802లో మొదలైన వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో ‘బ్యూగుల్ నోట్స్’, అనాపొలిస్ నౌకాదళ అకాడమీలో ‘రీఫ్ పాయింట్స్’ ఇలాంటి పుస్తకాలే. కల్లమ్ హాల్‌లో ఎన్ని దీపాలున్నాయన్నది వెస్ట్ పాయింట్‌లో తరతరాలుగా అడుగుతున్న ప్రశ్న. 340 అని తడుముకోకుండా చెప్పాలి. యుద్ధంలో ఆ అంకెతో పనిలేదు. అలసటలోనూ, ఎదుటివారు గద్దిస్తున్నా జ్ఞాపకం తడబడకుండా ఉండటమే ఆ సాధన ఉద్దేశం.

కొన్ని పాఠాలకు మాత్రం ప్రయోజనం నేరుగానే ఉంది. శత్రువుకు చిక్కిన సైనికుడు ఎలా నడుచుకోవాలో చెప్పే ఆరు సూత్రాల ప్రవర్తనా నియమావళిని, కొరియా యుద్ధంలో ఖైదీల అనుభవాల తర్వాత 1955లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ జారీ చేశారు. నిర్బంధంలో చేతిలో పుస్తకం ఉండదు కాబట్టి అది మనసులోనే ఉండాలి.

ఈ పద్ధతికి మరో ముఖమూ ఉంది. ప్రశ్నల పేరుతో జూనియర్లను వేధించే ప్రమాదం పొంచి ఉంటుంది. దానికి హెచ్చరిక కూడా కంఠస్థం చేయాల్సిన వాటిలోనే ఉంది. కఠినంగా, నిరంకుశంగా చూస్తే సైన్యం పాడవుతుందే తప్ప బాగుపడదని జనరల్ జాన్ స్కోఫీల్డ్ 1879లో వెస్ట్ పాయింట్ కేడెట్లకు చెప్పారు. జూనియర్ దాన్ని అప్పజెబుతుంటే ఎదుట నిలబడి వినాల్సింది సీనియరే.

వసంతకాలంలో ‘రికగ్నిషన్’ అనే కఠిన పరీక్షల ఘట్టం ముగిశాక మొదటి సంవత్సరం కేడెట్లపై ఇలాంటి కట్టుబాట్లు చాలావరకు సడలుతాయి. ఆపై ఏడాది కొత్త బ్యాచ్‌కు ఈ పాఠాలు నేర్పడంలో వారూ పాలుపంచుకుంటారు.